కిటికీకి అటూ ఇటూ

మా బావకి కిటికీ తప్ప లోకం లేదు. ఎవరింటికి వెళ్లినా మనుషుల్ని పలకరించకముందే కిటికీ అద్దాన్ని వేలితో తట్టి చూస్తాడు. "మమ్మల్ని కూడా తట్టి చూడు బావా, ఎక్కడైనా పగుళ్లున్నాయేమో" అని నేను వెక్కిరిస్తే, "నువ్వు పగిలే రకం కాదు, పగలగొట్టే రకం" అంటాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి నేనూ ఆ మాటకి నొచ్చుకోను.

పాత చర్చిల్లో రంగుటద్దాల కిటికీలు బాగుచేయడం ఆయన పని. ఒక్కో కిటికీలో అరచేతి కంటే చిన్న ముక్కలు వందల కొద్దీ ఉంటాయి. వాటినన్నిటినీ కలిపి పట్టుకునేవి సీసపు పట్టీలు. కాలం గడిచేకొద్దీ సీసం మెత్తబడి కిందికి జారుతుంది, అద్దం పొట్ట ఉబ్బుతుంది, వాన లోపలికి దిగుతుంది. అప్పుడు బావకి కబురొస్తుంది. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ముక్క తప్పు కోస్తే ఆయన తిట్టడు. దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒకసారి ముక్క వంక, ఒకసారి నా వంక చూసి ఊరుకుంటాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండుననిపించేది.

సీసం కడుపులోకి పోతే విషం. అందుకని మా అక్క గుమ్మంలోనే సబ్బుతో నిలబడేది. రెండు చేతులూ కడిగి, చిన్నపిల్లాడిలా అటూ ఇటూ తిప్పి చూపిస్తే గానీ కంచం పెట్టేది కాదు. "పెళ్లైన కొత్తలో ఈ చేతులు చూసే భయపడ్డానే. ఇప్పుడు నల్లగా లేకపోతే భయమేస్తుంది" అనేది.

ఇక మా ఆయన తాపీ మేస్త్రీ. ఆయన బిగించిన రాయిని కదిలించాలంటే దేవుడే దిగొచ్చినా చొక్కా విప్పాల్సిందే. బావ కిటికీ లోపల పని చేస్తుంటే అదే కిటికీకి బయట మా ఆయన పని చేస్తుంటాడు. కానీ తోడల్లుళ్లిద్దరికీ మాటల్లేవు. కారణం చెబితే నవ్వుతారు. మా ఆయన మా అమ్మగారింట్లో వంటగది గోడ కట్టాడు. పెద్దల్లుడిగా పొగిడి ఊరుకోవాల్సిన బావ, అందరి ముందూ జేబులోంచి తూకపు గుండు తీసి గోడకి వేలాడదీసి, "వేలెడు వంకరుంది" అన్నాడు. "అద్దాలతికే వాడికి గోడ సంగతేం తెలుసు" అన్నాడు మా ఆయన. అంతే, ఆ రోజు నుంచి ఉప్పూ నిప్పూ. ఏళ్లు గడిచాయి. ఒకే చర్చిలో, ఒకే గోడకి అటొకరు ఇటొకరు. మధ్యలో అడకత్తెరలో పోకచెక్కలా నేను.

ఆ యేడు మాకు దొరికిన చర్చి చాలా పాతది. పడమటి గోడకున్న పెద్ద కిటికీలో ఒక జనసమూహం, ఆ జనం చివర ఎవరికీ పట్టనట్టు నిలబడ్డ ఒక ముసలామె. కిటికీని చాలాసార్లు మార్చారు. మిగతా మొహాలన్నీ తర్వాత గీసినవే. ముసలామె మొహం ఒక్కటే మొదటిది. పొర లాంటి పల్చటి అద్దం, దాని మీద కాల్చిన గోధుమరంగు గీతలతో కళ్లు, ముక్కు, ముడతలు. రోజూ పని మొదలుపెట్టే ముందు బావ ఆ మొహం ముందు కాసేపు నిలబడేవాడు. "ఏమంటోంది మీ చుట్టం?" అని అడిగేదాన్ని. "ఇవాళ వెలుతురు బాగుందంటోంది" అనేవాడు.

చర్చి పెద్దకి ఆ మొహం గురించి భయం పట్టుకుంది. దాన్ని తీసి అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేద్దాం, దాని స్థానంలో నకలు పెట్టండి అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, జాగ్రత్తపరుడు. కానీ బావ ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. "మొహం ఉండాల్సింది కిటికీలో గానీ పెట్టెలో కాదండీ" అన్నాడు. ఏదైనా అయితే ఎవరు పూచీ అని పెద్ద అడిగాడు. బావ అందరి ఎదుటా, "నా చేతుల్లో ఉండగా దీనికేమైనా అయితే మళ్లీ జన్మలో అద్దం ముట్టుకోను" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లాక అక్క కూడా చీవాట్లు పెట్టింది. అన్న మాట వెనక్కి తీసుకోమంటే, నోట్లోంచి వచ్చింది మళ్లీ నోట్లోకి పోతుందా అన్నాడు.

ఆ గోడలో పిట్టలుండేవి. సన్నగా, నల్లగా, రెక్కలు కొడవళ్లలా వంగి ఉండేవి. మేం కొడవలి పిట్టలనే వాళ్లం. అవి చెట్టు మీద వాలవు, నేల మీద దిగవు. ఏడాదికోసారి ఎక్కడి నుంచో వచ్చి, ఆకాశంలోంచి నేరుగా గోడ బొక్కలో దూరిపోతాయి. గోడ కట్టిన కాలంలో పరంజా కర్రల కోసం వదిలిన బొక్కలవి, మోచేయి దాకా లోతు. బయట చెత్త గానీ రెట్ట గానీ కనిపించదు. ఎదురుగా నిలబడ్డా లోపల కాపురముందని తెలియదు. బావ వాటిని అద్దెకున్నవాళ్లనే వాడు. అవి పిల్లల్ని పెంచుకుని వెళ్లిపోయేదాకా ఆ పక్క గోడ జోలికి ఎవరినీ పోనిచ్చేవాడు కాదు.

ముసలామె ఉన్న పలకని కిటికీలో కూర్చోబెట్టే పని ముగింపుకొచ్చిన రోజు, వాన వచ్చేలా ఉంది. కిటికీకి రెండు పక్కలా చెరొక బొక్క ఉంది. ఒకదాంట్లోంచి నీళ్లు దిగి రాయంతా నానిపోతోంది, రెండోదాంట్లో పిట్టలున్నాయి. "ఎడమ పక్క బొక్క వాన పడేలోగా మూసేయమను. కుడి పక్కది ముట్టుకోవద్దను" అన్నాడు బావ నాతో. నేను బయటికెళ్లి మా ఆయనకి అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఆయన తలూపాడు. సాయంత్రానికల్లా రాయి చెక్కి, బొక్కలో దిగ్గొట్టి, చుట్టూ సిమెంటు పట్టించేశాడు. మామూలుగా సున్నం వాడేవాడే. వాన భయంతో త్వరగా గట్టిపడుతుందని ఆ రోజు సిమెంటు వాడాడు. తీరా చూస్తే వాన రానేలేదు.

మర్నాడు పొద్దున బావా నేనూ లోపలి పరంజా మీదికెక్కాం. ముసలామె పలక అంచుల వెంట పెట్టిన లప్పం ఇంకా పచ్చిగానే ఉంది. అద్దం మీద ఒక నీడ సర్రున దూసుకెళ్లింది. మళ్లీ ఇంకొకటి. మొదట పట్టించుకోలేదు. మూడోసారి నీడతో పాటు గోడకి ఏదో మెత్తగా తగిలిన చప్పుడు. బావ చేతిలో పని ఆగిపోయింది. కిటికీ కుడి పక్క రాతికి చెవి ఆనించాడు. కాసేపటికి, "వినూ" అన్నాడు. నేనూ ఆనించాను. రాతి లోపలెక్కడో కాగితం నలిపినట్టు చప్పుడు, సన్నగా కీచుమన్న శబ్దం.

అప్పుడు అర్థమైంది. అద్దం పనివాళ్లం కిటికీని ఎప్పుడూ లోపలి నుంచే చూస్తాం. మాకు ఎడమంటే లోపలి ఎడమే. తాపీ పనివాళ్లు నిలబడేది బయట. వాళ్ల ఎడమ మా కుడి. ఇద్దరు మనుషులు ఎదురుగా నిలబడి మాట్లాడుకుంటే ఒక్క వేలు చూపిస్తే తేలిపోయే సంగతి ఇది. ఎడమ అన్నాడు, ఎడమ అనే చెప్పాను. ఇందులో నా తప్పేమీ లేదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. తప్పంతా ఆ వంటగది గోడది.

కిటికీ కింది వరసలో గాలి కోసం తెరిచే చిన్న పలక ఒకటుంది. దాన్ని తోసి మా ఆయన్ని కేకేశాను. ఆయన బయటి పరంజా ఎక్కి, నేను చెప్పింది విని, పాలిపోయాడు. "పిట్టలున్నాయని ఒక్క మాట అంటే ఏం పోయింది మీ బావకి" అన్నాడు. "ఆ పోట్లాట తర్వాత. ముందు రాయి తీయండి" అన్నాను.

ఆయన వెంటనే కదల్లేదు. రాయి మీద చెయ్యి వేసి, బొక్కకీ ముసలామె పలకకీ మధ్య దూరం చూశాడు. జానెడు కూడా లేదు. "ఉలి పెట్టి కొట్టాలి. దెబ్బ నేరుగా అద్దానికే పోతుంది. అడుగు ఆయన్ని" అన్నాడు.

బావ ముసలామె వంక చూస్తున్నాడు. పలక తీసి పక్కన పెడదామా అన్నాను. అడ్డకమ్మీలకి కట్టిన రాగి తీగలన్నీ విప్పి, అంచులు తవ్వి తీసేసరికి పూటంతా పడుతుంది, పచ్చి లప్పంలోంచి లాగేటప్పుడు వంగి పగలదన్న నమ్మకమూ లేదన్నాడు. అడుగుదామంటే చర్చి పెద్ద సాయంత్రానికి గానీ రాడు. ఎండ అప్పుడే ముదురుతోంది. పడమటి గోడ మధ్యాహ్నం తిరిగేసరికి పెనంలా కాలుతుంది. లోపలున్నవి నిన్నటి నుంచీ మూతపడే ఉన్నాయి. గోడకి మళ్లీ ఏదో తగిలింది. తల్లో తండ్రో, తన ఇంటి గుమ్మం ఏమైందో తెలియక గోడకేసి కొట్టుకుంటోంది.

"బావా, నువ్వన్న మాట గుర్తుందా?" అన్నాను. బావ మెత్తటి గుడ్డ మడతపెట్టి ముసలామె మొహం మీద ఆనించి, దాని మీద రెండు అరచేతులూ పెట్టాడు. "నేను కొట్టమన్నప్పుడే కొట్టాలి. ఆగమంటే ఆగాలి. దెబ్బకీ దెబ్బకీ మధ్య అద్దం కుదురుకోవాలి. అది నా చేతికి తెలుస్తుంది. చెప్పు" అన్నాడు.

చెప్పాను. మొదటి దెబ్బ పడింది. కిటికీ మొత్తం సన్నగా జుయ్యిమంది. "ఆగమను" అన్నాడు బావ. "ఆగండి" అన్నాను. మా ఆయన ఆ లోపే రెండోది కొట్టేశాడు. బావ పళ్లు బిగబట్టాడు. నా నోటి గుండా మాట అటు చేరేలోగా చెయ్యి దిగిపోతోంది. ఇలాగైతే మూడో దెబ్బకే అంతా అయిపోతుంది.

"నా వల్ల కాదు. మీరూ మీరూ మాట్లాడుకోండి, లేకపోతే ఇద్దర్నీ పరంజా మీద నుంచి తోసేస్తాను" అన్నాను. ఆ క్షణాన నిజంగానే తోసేసేదాన్ని.

బావ తెరిచిన పలక వైపు మొహం తిప్పి, "తమ్ముడూ, వినపడుతోందా?" అన్నాడు.

"వినపడుతోంది అన్నయ్యా" అంది బయటి నుంచి మా ఆయన గొంతు.

"చిన్న సుత్తి తీసుకో. ఉలిని కిటికీ వైపు కాకుండా అవతలికి వాల్చు."

"వాల్చాను."

"కొట్టు."

దెబ్బ. జుయ్యిమని మోత. బావ కళ్లు మూసుకుని అరచేతులతో వింటున్నాడు. మోత చల్లారేదాకా ఎవరూ కదల్లేదు. "కొట్టు." మళ్లీ దెబ్బ. సిమెంటు పెచ్చు ఊడి బయట పరంజా చెక్క మీద పడింది. "కొట్టు... ఆగు... కొట్టు." బావ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నేను ఆయన పక్కనే నిలబడి గుడ్డ అంచు పట్టుకున్నాను. రాయి మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదని మా ఆయన చెప్పాడు. "ఎందుకు బిగించాన్రా ఇంత గట్టిగా" అని తన్ను తానే తిట్టుకున్నాడు. తన పనితనాన్ని ఆయన తిట్టుకోగా వినడం నాకదే మొదటిసారి.

ఆ తర్వాతి దెబ్బకి 'టిక్' మంది. గోరు విరిగినంత చప్పుడు. బయటికి వినపడేది కాదు. బావ వేళ్ల సందులోంచి, గుడ్డ పక్కగా, ముసలామె నుదుటి మీద ఒక గీత కనిపించింది. నేను చూస్తుండగానే అది కనుబొమ దాటి, చెంప మీదుగా గడ్డం దాకా దిగింది. బావ అరచేతుల కింద కింది ముక్క జారబోతే బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అక్క అంటుంది. నోరు తెరిచాను. బావ నా వంక చూశాడు. ఆయన మొహంలో రక్తం లేదు. తల అడ్డంగా ఊపాడు, ఒక్కసారి.

"ఏమైంది అన్నయ్యా, ఆపమంటావా?" అని అడిగాడు మా ఆయన.

"లేదు. బాగానే ఉంది. కొట్టు" అన్నాడు బావ. ఇందాకటి గొంతే. ఎక్కడా తేడా లేదు.

నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. కొట్టు అంటున్నాడు, దెబ్బ పడుతోంది, గుడ్డ కింద అద్దం కిరకిరలాడుతోంది. ఆగు అంటున్నాడు, పగిలిపోయిన దానికి కూడా కుదురుకునే సమయమిస్తున్నాడు. నాకు కళ్లనిండా నీళ్లు. ఏం చేయాలో తెలియక గుడ్డ అంచు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

చివరికి రాయి కదిలింది. మా ఆయన దాన్ని రెండు చేతులా పెకలించి కింద పెట్టి, బొక్కలో చెయ్యి పెట్టాడు. "రెండున్నాయి. ఒకటి... ఒకటి చల్లబడింది. రెండోది నా వేలు కరుస్తోంది అన్నయ్యా. కరుస్తోంది." ఆయన పక్కకి జరిగాడో లేదో, చెవి పక్క నుంచి ఒక పిట్ట గాలిని కోసుకుంటూ బొక్కలోకి దూరిపోయిందట. మా ఆయన బయట ఒక్కడే నవ్వుతున్నాడు.

ఆ నవ్వుతోనే లోపలికి పరుగెత్తుకొచ్చి పరంజా ఎక్కాడు. బావ అప్పటికి గుడ్డలో ముక్కలు పట్టుకుని కూర్చున్నాడు. ముసలామె రెండుగా ఉంది. మా ఆయన నవ్వు అలాగే ఆగిపోయింది.

"ఆఖరి దెబ్బకా?" అన్నాడు.

నేను ఇక ఆపుకోలేకపోయాను. "చాలా ముందే. రాయి ఇంకా కదలనప్పుడే" అన్నాను.

"ఒక్క మాట చెబితే ఆగేవాణ్ని కదా అన్నయ్యా."

"ఆగేవాడివి. అందుకే చెప్పలేదు" అన్నాడు బావ.

సాయంత్రం పెద్ద వచ్చాడు. ఆయన నోరు విప్పేలోగానే మా ఆయన ముందుకెళ్లి, నా ఉలి దెబ్బకే పగిలిందండీ, తప్పు బొక్క మూసిందీ నేనే అన్నాడు. "దాన్ని పట్టుకున్నది నేను. పగిలింది నా చేతుల్లో" అన్నాడు బావ. నీది కాదంటే నీది కాదని ఇద్దరూ కాసేపు పోట్లాడుకున్నారు. చర్చి పెద్ద ఆ ముక్కల వంక చాలాసేపు చూసి, "ఒక పిట్ట కోసమా?" అన్నాడు. వెటకారంగా కాదు, బాధగా.

"ఎన్నున్నాయో కొట్టేటప్పుడు తెలీదండీ" అన్నాడు బావ.

పోయేముందు పెద్ద, "అప్పుడేదో అన్నారు గానీ, ఆ మాట మేమెవరం పట్టుకోలేదు. అతికించి మీరే మళ్లీ బిగించండి" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. బావ దండం పెట్టి, "నేను పట్టుకున్నానండీ" అన్నాడు. అద్దం కోసే కలం జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. నాకొద్దని నేల మీద పెట్టాను. తీసుకోకుండా వెళ్లిపోయాడు.

నాకు ఆ మనిషి మీద ఇప్పటికీ కోపమే. మాటకి కట్టుబడ్డానని లోకం మెచ్చుకోవచ్చు. నేను మెచ్చుకోను. అక్క మెచ్చుకోలేదు. ఆ రాత్రి ఆయన చేతులు తిప్పి చూపిస్తే, కంచం పెట్టి పక్క గదిలోకెళ్లి ఏడ్చింది. నేనెన్ని రోజులు బతిమాలినా బావ వినలేదు. చివరికి ముసలామెని అతికే పని నా నెత్తినే పడింది. బావ కార్ఖానాలో నా ఎదురుగా బల్ల మీద, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. "పట్టీ ఇంకా సన్నగా లాగు. టంకం ఎక్కువ పెట్టావు, తీసెయ్" అనేవాడు. ముట్టుకోనన్నావుగా అంటే, "ముట్టుకోనన్నాను, చెప్పనన్లేదు" అనేవాడు.

ఇప్పుడు ఆయన మా ఆయన దగ్గర సున్నం కలుపుతున్నాడు. తోడల్లుళ్లిద్దరూ పొద్దున్నే కలిసి పనికెళ్తారు, దారి పొడుగునా తూకపు గుండు గురించి కీచులాడుకుంటారు. "మాటల్లేనప్పుడే ఇంట్లో హాయిగా ఉండేది" అంటుంది అక్క.

ముసలామెని నేను తిరిగి కిటికీలో కూర్చోబెట్టిన రోజు బావ బయటి పరంజా మీద, రాళ్ల సందులకి సున్నం పూస్తున్నాడు. మధ్యాహ్నపు వెలుతురు గోడ దాటి కిటికీలోకి వచ్చింది. ముసలామె మొహం ఒక్కసారిగా వెలిగింది. నుదుటి నుంచి గడ్డం దాకా సన్నటి పట్టీ ఉన్నా, ఆమె ఆమెలాగే ఉంది. నాకు సంతోషం పట్టలేదు. గాలి పలక తోసి, "బావా, ఒక్కసారి లోపలికొచ్చి చూసిపో" అని పిలిచాను.

ఆయన నీడ అద్దం దగ్గరికొచ్చి, ముసలామె ఎదురుగా ఆగింది. "ఇక్కణ్నుంచి కనపడుతోందిలే. బాగా కుదిరింది" అన్నాడు. నీడ కాసేపు అక్కడే ఉండి, పక్కకి జరిగిపోయింది.

బయటి నుంచి చూస్తే రంగుటద్దం నల్లటి పలకలా ఉంటుంది. మొహాలుండవు, రంగులుండవు, ఏమీ కనపడదు. పనిలో చేరిన మొదటి రోజే ఆ సంగతి నాకు చెప్పింది మా బావే.